ఆనవాళ్ల వేట: అంతరిక్ష కల్పనా చిత్రాలను అభిమానులు చదివే తీరు

సింగపూర్ వాయవ్య భాగంలో ఉన్న యూ టీ స్టేషన్‌లో రైలెక్కి, జూరాంగ్ ఈస్ట్‌లో ఒకసారి, బువోనా విస్టాలో ఇంకోసారి మారితే వన్-నార్త్ వస్తుంది. అక్కడ ఒక తోట మీదికి లేచి నిలబడ్డట్టు, గాజూ లోహమూ తొడుక్కుని, గుర్రపు నాడా ఆకారంలో ఎనిమిది అంతస్తుల భవనం ఒకటుంది. పేరు శాండ్‌క్రాలర్. దారిన పోయేవాళ్లకు అదొక ఆఫీసు. 1977 నాటి 'స్టార్ వార్స్' మొదటి చిత్రాన్ని కళ్లప్పగించి చూసినవాళ్లకు మాత్రం అది టాటూయిన్ ఎడారిలో పాత ఇనుమూ చెడిపోయిన రోబోలూ ఏరుకుంటూ తిరిగే జావాల బండి.

జార్జ్ లూకాస్ స్థాపించిన లూకాస్‌ఫిల్మ్ 2000ల మధ్యలో సింగపూర్‌లో స్టూడియో పెట్టింది. 2008లో మొదలైన 'ది క్లోన్ వార్స్' యానిమేషన్ ధారావాహికకు ఇక్కడి కళాకారులు పనిచేశారు. శాండ్‌క్రాలర్ భవనం 2014 జనవరిలో లాంఛనంగా తెరుచుకుంది. 2021లో చేతులు మారింది. 2023 ఆగస్టులో, మూడు వందల మందికి పైగా పనిచేస్తున్న ఈ స్టూడియోను మూసేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. సినిమా వెళ్లిపోయింది, సినిమాలోని ఒక చిన్న వివరం మాత్రం భవనమై నిలిచిపోయింది.

ఎవరో పారేసిన ముక్కను ఏరుకుని, దుమ్ము తుడిచి, దానికి విలువ కట్టడం జావాల పని. అంతరిక్ష కల్పనా చిత్రాల అభిమానులు చేసేదీ ఇదే. తెర మూలన రెండు క్షణాలు కనిపించిన అంకె, గోడ మీది బొమ్మ, ఒక పాత్ర పేరు, వీటిని పట్టుకుని ఆనవాళ్లు తీస్తారు. అక్కడితో ఆగరు. ఆ సినిమాల్లోంచి భయాన్ని ఎలా జయించాలి, గురువును ఎలా నమ్మాలి, పుట్టుకను దాటి ఎలా బతకాలి అనే పాఠాలూ తీస్తారు. 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న విడుదలయ్యాక ఈ రెండు అలవాట్లూ తెలుగు ఇళ్లలోకి ఒక్కసారిగా వచ్చేశాయి. వాటితో పాటు పేచీ కూడా వచ్చింది. ఇది చదవడమా, కోడిగుడ్డు మీద ఈకలు పీకడమా? ఆ పాఠాలు సినిమాలో ఉన్నాయా, చూసేవాళ్లు తమ ఇంటి నుంచి తెచ్చుకున్నారా? వాదన చాలా దూరం వచ్చింది గనుక ఎవరు ఏమంటున్నారో ఒకచోట పెట్టి చూడడం అవసరం.

గుడ్డు కన్నా ముందు వ్యాఖ్య

సినిమాలో దాచిపెట్టిన వివరాన్ని ఇప్పుడందరూ 'ఈస్టర్ ఎగ్' అంటున్నారు. ఈ మాట వీడియో గేముల నుంచి వచ్చింది. అటారీ కంపెనీ ఆటలు తయారుచేసినవాళ్ల పేర్లు వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ 'అడ్వెంచర్' అనే ఆటలో ఒక రహస్యపు గదిని కట్టి, అందులో తన పేరు దాచాడు. ఒక ఆటగాడు దాన్ని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాశాడు. ఈస్టర్ పండగనాడు పిల్లలు తోటలో గుడ్లు వెతుక్కున్నట్టు ఇదీ బాగుందనుకున్న కంపెనీవారు ఆ పేరే పెట్టారు. ఈ కథలో మరిచిపోకూడని సంగతి ఒకటుంది. మొదటి 'గుడ్డు' ప్రచారం కోసం పెట్టింది కాదు. గుర్తింపు దక్కని పనివాడి సంతకం అది.

పేరు కొత్తదే. అలవాటు కొత్తది కాదు. నేటి మెదక్ జిల్లా కొల్చారం ఊరివాడని చెప్పుకునే మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యలు అక్షరం అక్షరం వెతికి రాసినవి. ఒక విశేషణం అక్కడే ఎందుకు పడింది, ఆ పేరే ఎందుకు వాడాడు అని ఆరా తీయడమే ఆయన పని. తనకు తాను ఒక నియమం పెట్టుకుని మరీ మొదలుపెట్టాడు: మూలంలో ఆధారం లేనిదేదీ రాయను, అడగని సంగతేదీ చెప్పను. ఆరు శతాబ్దాల కిందటి ఈ నియమం కన్నా మంచి గీటురాయి నేటి అభిమానుల చర్చకు దొరకదు. ఈ వ్యాసం దాన్నే చేతిలో పట్టుకుని నడుస్తుంది.

పురాణ ప్రవచనాలు, హరికథలు ఇంకో దారి చూపించాయి. అక్కడ కథకుడు కథ ఆపి, పిట్టకథ చెప్పి, ఎదురుగా కూర్చున్నవాళ్ల బతుకుకు వర్తించే మాట ఒకటి తీస్తాడు. మూలానికి ఎంత దగ్గరగా ఉన్నాడన్నదాని కన్నా, వినేవాళ్లకు ఎంత దగ్గరగా వచ్చాడన్నదే అక్కడ కొలమానం. వివరం వెతికేవాళ్లకు మల్లినాథుడు తాత అయితే, పాఠం తీసేవాళ్లకు హరిదాసు తాత.

తెలుగు సినిమాలోనూ ఈ చూపు పాతదే. 1957 నాటి 'మాయాబజార్'లో తెరిచి చూస్తే ఇష్టమైనవాళ్లు కనిపించే ప్రియదర్శిని పెట్టె ఉంది. ఇప్పటి పిల్లలు దాన్ని చూసి వీడియో కాల్ అంటారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' కాలయంత్రంలో కూర్చోబెట్టి 1526లోని శ్రీకృష్ణదేవరాయల కొలువుకీ, అక్కడి నుంచి 2504కీ తీసుకుపోయింది. ఆ సింగీతమే 2020లో, అప్పటికి పేరు పెట్టని నాగ్ అశ్విన్ చిత్రానికి మార్గదర్శకుడిగా చేరారు. అదే తర్వాత 'కల్కి' అయింది.

సంతకాలూ అతుకులూ

వివరాల వేటగాళ్లు చెప్పే మొదటి మాట, దర్శకుడు పెట్టాడు గనుకే మేం వెతుకుతున్నాం అని. లూకాస్ విషయంలో అది నిజం. ఆయన మొదటి సినిమా 1971లో వచ్చిన 'టీహెచ్ఎక్స్ 1138'. ఆ అంకె 'స్టార్ వార్స్'లో జైలు విభాగం నంబరుగా వినిపిస్తుంది. 1999 నాటి 'ది ఫాంటమ్ మెనేస్'లో గెలాక్సీ సభ జరుగుతుండగా ఒక గూటిలో స్పీల్‌బర్గ్ 'ఈటీ' జాతివాళ్లు కూర్చుని కనిపిస్తారు. ఇవి సంతకాలు. ఒక మిత్రుడికో, తన పాత పనికో పెట్టుకున్న గుర్తులు. వీటి మీద పెద్దగా తగవు లేదు.

తగవంతా అతుకుల దగ్గర. సినిమాలో పొరపాటున పడ్డ వాటికీ, ఎవరూ ఆలోచించకుండా వదిలేసిన వాటికీ అభిమానులు అర్థం చెప్పడం, ఆ అర్థాన్నే తర్వాత తీసినవాళ్లు నిజం చేయడం. 'స్టార్ వార్స్'లో హాన్ సోలో తన ఓడ కెసెల్ దారిని పన్నెండు పార్సెక్‌ల లోపే దాటిందని గొప్పలు పోతాడు. పార్సెక్ అనేది దూరానికి కొలత, కాలానికి కాదు. నలభై ఏళ్లు ఇది రంధ్రాన్వేషకులకు పండగ. చివరికి 2018లో వచ్చిన 'సోలో' చిత్రం, అతను ప్రమాదకరమైన అడ్డదారిన పోయి దూరాన్నే తగ్గించాడని చూపించింది. డెత్ స్టార్ లాంటి మహా యంత్రానికి అంత చిన్న కంత ఎలా వదిలారన్న ప్రశ్నకైతే 2016లో ఏకంగా ఒక సినిమానే జవాబు చెప్పింది. 'రోగ్ వన్'లో ఆ లోపం ఆ యంత్రాన్ని రూపొందించినవాడు కావాలనే పెట్టిన ద్రోహపు గుర్తు.

వీటన్నిటి కన్నా ముచ్చటైన ఉదాహరణ 1980 నాటి 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో ఉంది. మేఘాల నగరం ఖాళీ అవుతున్న గందరగోళంలో ఒక మనిషి తెరకు అడ్డంగా పరుగెత్తిపోతాడు. సంకలో ఒక తెల్లటి డబ్బా. అదేమిటో అభిమానులు ఇట్టే పట్టేశారు: ఇంట్లో వాడే ఐస్‌క్రీమ్ మిషన్. మాటా లేదు, పేరూ లేదు, నిండా రెండు క్షణాలు లేడు ఆ మనిషి. కానీ ఊరు మునిగిపోతుంటే ఎవరైనా ఏం పట్టుకుని పరుగెడతారు అన్న ప్రశ్న వాళ్లను వదల్లేదు. తర్వాత ఆటకార్డుల మీద అతనికి విల్‌రో హుడ్ అనే పేరు వచ్చింది. అభిమానుల సమ్మేళనాల్లో అతనిలా వేషం వేసుకుని, అలాంటి డబ్బాలు పట్టుకుని గుంపుగా పరుగెత్తడం వేడుకైంది. 2019లో 'ది మాండలోరియన్' ధారావాహికలో విలువైన లోహం దాచే పెట్టెగా అదే ఆకారం మళ్లీ తెర మీదికి వచ్చింది. వస్తువులు సమకూర్చే విభాగం చేతికి దొరికిన డబ్బాకు చూసేవాళ్లు అర్థమిచ్చారు, ఆ అర్థాన్ని తీసేవాళ్లు తిరిగి తీసుకున్నారు.

దీన్ని అమెరికన్ పరిశోధకుడు హెన్రీ జెంకిన్స్ 1992లో తన పుస్తకం 'టెక్స్‌చువల్ పోచర్స్'లో ఒక సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఆయన చూపులో అభిమానులు ఇచ్చింది పుచ్చుకుని ఊరుకునే జనం కాదు. వేరొకరి అడవిలోకి చొరబడి తమకు కావలసింది వేటాడి తెచ్చుకునేవాళ్లు. ఆ తర్వాత జేసన్ మిట్టెల్ నేరస్థలంలో ఆధారాలు ఏరినట్టు చూసే ఈ తీరుకు 'ఫోరెన్సిక్' అనే విశేషణం తగిలించాడు. టేపులూ డిస్కులూ వచ్చి బొమ్మను ఆపి చూసే వీలు కలగకపోతే ఈ బడి పుట్టేదే కాదు.

5,999 ఏళ్ల లెక్క

'కల్కి' చుట్టూ జరిగిన వేటను దగ్గరగా చూస్తే ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ తేలతాయి.

2898 ఎందుకు? సినిమా విడుదలకు ముందే నాగ్ అశ్విన్ లెక్క చెప్పారు. కథ మహాభారతంతో మొదలై ఆరు వేల ఏళ్లు నడుస్తుంది. 2898 నుంచి ఆరు వేలు వెనక్కి పోతే కృష్ణావతారం ముగిసిందని నమ్మే క్రీస్తు పూర్వం 3102 వస్తుంది. 3102కు 2898 కలిపితే సరిగ్గా 6,000. చూడడానికి ముచ్చటగా ఉంది. అయితే క్రీస్తు శకానికి సున్నా సంవత్సరం లేదు. క్రీస్తు పూర్వం 1 తర్వాత వచ్చేది క్రీస్తు శకం 1. కాబట్టి గడిచేవి 5,999 ఏళ్లే. ఇది వట్టి పంతులు లెక్క అనిపించవచ్చు, కానీ ఆర్యభటుడు ఈ లెక్క తప్పలేదు. తనకు 23 ఏళ్లు నిండే నాటికి కలియుగంలో 3,600 ఏళ్లు గడిచాయని 'ఆర్యభటీయం'లో చెప్పాడు. అది క్రీస్తు శకం 499. సున్నా లేకుండా కూడితేనే 3102 దగ్గర సరిపోతుంది. పైగా సినిమా మొదలయ్యేది కురుక్షేత్రం చివర. యుద్ధం ముగిసిన ముప్పై ఆరో ఏట యాదవ వినాశం జరిగిందని మౌసల పర్వం చెబుతుంది. కృష్ణ నిర్యాణం 3102 అయితే యుద్ధం ఇంకా వెనక్కి పోతుంది. అంటే అశ్వత్థామ ఎదురుచూపు ఆరు వేలు దాటుతుంది.

అశ్వత్థామ సంగతికొస్తే ఇంకో ముడి. వ్యాస భారతం సౌప్తిక పర్వంలో కృష్ణుడి శాపం మూడు వేల ఏళ్లకే. తెర మీద అమితాబ్ బచ్చన్ ఆ గడువు తీరిపోయి ఇంకో మూడు వేల ఏళ్లు గడిచాక కూడా కాశీలో కూర్చుని ఉంటాడు. కలియుగం అంతమయ్యే దాకా అతను తిరుగుతూనే ఉంటాడన్నది జనం నోట నిలిచిన మాట. సినిమా వ్యాసుణ్ని వదిలి జనం మాటను పట్టుకుంది. నుదుటి మణి విషయంలోనూ ఇలాగే జరిగింది. మూలంలో మణి పాండవులకు దక్కి, ద్రౌపది చేతికి వెళ్లి, ఆమె కోరిక మీద ధర్మరాజు తలకెక్కుతుంది. సినిమాలో దాన్ని కృష్ణుడు తీసుకుంటాడు. బి.ఆర్. చోప్రా 'మహాభారత్' ధారావాహికలో భీష్ముడిగా నటించిన ముకేశ్ ఖన్నా ఈ మార్పును బాహాటంగానే తప్పుపట్టారు. ఆయన అభ్యంతరాన్ని చాదస్తమని కొట్టేయడం సరికాదు. మణి ద్రౌపది చేతికి రావడమంటే అయిదుగురు కొడుకులను పోగొట్టుకున్న తల్లికి న్యాయం జరగడం. దాన్ని తీసేస్తే ఒక చిన్న వివరంతో పాటు ఆ తల్లి కూడా కథలోంచి జారిపోతుంది. ఆనవాళ్ల వేట పనికొచ్చేది ఇలాంటి చోటే.

ఇంకో వివరం మాత్రం సినిమాకు నూరు మార్కులు వేయించింది. దీపికా పదుకోన్ పాత్ర కాంప్లెక్స్ అనే మహా కట్టడంలో ఒక ప్రయోగశాల సరుకు. ఆమెకు పేరు లేదు, సంకేతం మాత్రమే ఉంది: ఎస్‌యూఎం-80. ఆ మూడక్షరాలనూ కలిపి, పక్కనున్న ఎనభైని ఇంగ్లిషులో పలికితే సుమతి. కల్కి పురాణం ప్రకారం కల్కి తల్లి పేరు సుమతి, పుట్టే ఊరు శంబల. మనిషిని అంకెగా మార్చిన లోకంలో ఆ అంకెలోంచే తల్లి పేరు బయటికి రావడం తీసినవాళ్ల నేర్పు. సుమతీ శతకం బట్టీ పట్టి పెరిగిన తెలుగు చెవికి ఆ పేరులో ఇంకో పొర కూడా వినిపిస్తుంది. అది దర్శకుడి మనసులో ఉందా? ఉందనడానికి తెర మీద ఆధారం లేదు. మల్లినాథుడి నియమం ప్రకారం ఇక్కడ కలం ఆపాలి. కల్కి పురాణం దాకా పోవచ్చు, శతకం దాకా పోతే అది చూసేవాళ్ల సొంత ఆస్తి. సొంత ఆస్తి కావడం తప్పేమీ కాదు, దాన్ని దర్శకుడి ఖాతాలో వేయడమే తప్పు.

పాఠాలు ఎవరు పెట్టారు?

పాఠాలు తీసేవాళ్ల బడికి ఆది గురువు జోసెఫ్ క్యాంబెల్. 1949లో వచ్చిన ఆయన పుస్తకం 'ది హీరో విత్ ఎ థౌజండ్ ఫేసెస్' లోకంలోని వీరగాథలన్నిటికీ ఒకే ఎముకల గూడు ఉందని వాదించింది. ఇల్లు వదలడం, గురువు దొరకడం, పరీక్ష, తిరిగి రావడం. లూకాస్ ఆ పుస్తకానికి తన రుణం దాచుకోలేదు. 1988లో ప్రసారమైన క్యాంబెల్, బిల్ మోయర్స్ సంభాషణల్లో ఎక్కువ భాగం లూకాస్ స్కైవాకర్ రాంచ్‌లోనే చిత్రీకరించారు. కాబట్టి పాఠాలు మేం కల్పించుకున్నవి కావు, లోపల పోసినవే అని ఈ బడి వాదిస్తుంది. పుస్తకాలూ వరసకట్టాయి. జాన్ పోర్టర్ 2003లో తావో కోణంలో, మాథ్యూ బోర్టొలిన్ 2005లో బౌద్ధ ధర్మం కోణంలో 'స్టార్ వార్స్'కు భాష్యాలు రాశారు. 2001 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 3,90,127 మంది తమ మతం 'స్టార్ వార్స్' యోధుల మార్గమైన జెడై అని నమోదు చేసుకున్నారు. అందులో చాలావరకు సరదా ఉంది. కానీ 2016లో ఒక జెడై సంస్థ ధార్మిక సంస్థగా గుర్తింపు కోరడం, బ్రిటన్ ఛారిటీ కమిషన్ కుదరదనడం సరదాగా జరిగినవి కావు.

తెలుగు ప్రేక్షకులు ఈ బడిలోకి భగవద్గీత తలుపు నుంచి వస్తారు. 'ది ఫాంటమ్ మెనేస్'లో జెడై గురువు యోడా చిన్నారి ఆనకిన్‌ను పరీక్షిస్తూ భయం కోపానికీ, కోపం ద్వేషానికీ, ద్వేషం వేదనకూ దారి తీస్తుందని చెప్పే చోట గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాలు గుర్తు రాని తెలుగువాళ్లు తక్కువ. అక్కడా మెట్లు మెట్లుగా పతనమే. ఇద్దరూ ఒకటే చెప్పారని చప్పట్లు కొట్టి ముగించడం మామూలు. కాస్త ఓపిక పట్టి పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుంది. గీతలో మొదటి మెట్టు భయం కాదు. విషయాలను పదే పదే తలచుకోవడం, దాని వల్ల సంగం, సంగం వల్ల కామం, ఆ తర్వాతే క్రోధం. క్రోధం తర్వాత కూడా ద్వేషం రాదు. మోహం, స్మృతి చెదరడం, బుద్ధి నశించడం. అంటే గీత దృష్టిలో కోపం చేసే చేటు ఎదుటివాడి మీద పగ పుట్టించడం కాదు, తనెవరో తనకు మరిపించడం. ఆనకిన్ కథకు ఏది బాగా సరిపోతుంది? తల్లినీ భార్యనూ వదులుకోలేకపోవడం, ఆ పట్టులోంచి భయం, చివరికి పేరు కూడా మరిచి డార్త్ వేడర్ కావడం. యోడా సూత్రం కన్నా గీత క్రమమే ఆ పాత్రను బాగా వివరిస్తుంది. పోలిక చూసి మురిసిపోవడం కన్నా తేడా దగ్గర ఆగడం వల్లే ఈ సంగతి దొరికింది. వివరం వెతికే బడి క్రమశిక్షణ పాఠం తీసే బడికి అందవలసింది ఇక్కడే.

పుట్టుక దగ్గర వచ్చే పేచీ

అన్ని పాఠాలూ మంచివేనా? సైన్స్ ఫిక్షన్ రచయిత డేవిడ్ బ్రిన్ 1999లో సలోన్ పత్రికలో గట్టిగా అడిగాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఈ కథల్లో లోకాన్ని తిప్పేది రక్తంలో శక్తి ఉన్న కొద్దిమంది. మామూలు మనుషులూ వాళ్లు కట్టుకున్న వ్యవస్థలూ దేనికీ కొరగావు. లెక్కలేనంత మందిని చంపినవాడు చివర్లో కన్నకొడుకును కాపాడితే పాపాలన్నీ మాసిపోతాయి. ఇది పిల్లలకు చెప్పవలసిన నీతేనా? ఈ విమర్శకు తర్వాతి సినిమాలే తడబడుతూ జవాబు చెప్పాయి. 2017లో 'ది లాస్ట్ జెడై' కథానాయిక రే తల్లిదండ్రులు అనామకులని చెప్పింది. రెండేళ్లకు 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' ఆ మాట మార్చి ఆమెను చక్రవర్తి మనవరాలిని చేసింది. అభిమానులు అప్పుడు రెండుగా చీలారు, ఇప్పటికీ కలవలేదు. 2021లో సింగపూర్ ఆర్ట్‌సైన్స్ మ్యూజియంలో జరిగిన 'స్టార్ వార్స్ ఐడెంటిటీస్' ప్రదర్శన మొత్తం నడిచింది కూడా ఈ ప్రశ్న మీదే. మనిషిని మనిషిగా చేసేది జన్యువులా, పెంపకమా, తన ఎంపికా?

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న దిగుమతి సరుకు కాదు. 'స్టార్ వార్స్' అమెరికాలో విడుదలైంది 1977 మే 25న. అదే ఏడాది సంక్రాంతికి, జనవరి 14న, ఎన్.టి. రామారావు 'దాన వీర శూర కర్ణ' వచ్చింది. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణల్లో సుయోధనుడు కులం పేరుతో కర్ణుణ్ని అవమానించినవాళ్లను నిలదీసే ఘట్టం మూడు తరాలకు నోటికొచ్చు. దాదాపు నాలుగు గంటల ఆ సినిమా, పుట్టుక గొప్పదా పరాక్రమం గొప్పదా అన్న చర్చను ఊరూరా రచ్చబండ మీదికి తెచ్చింది. 'కల్కి' చివర్లో ప్రభాస్ పోషించిన భైరవుడే కర్ణుడని తేలినప్పుడు హాళ్లలో లేచిన కేక వెనక ఈ నలభై ఏడేళ్ల చరిత్ర ఉంది.

ఆ తర్వాత కర్ణుడా అర్జునుడా అని జరిగిన వాగ్వాదంలో రెండు పక్షాలూ తమ పక్షానికి పనికొచ్చే వివరాలనే ఏరుకున్నాయి. ఘోషయాత్రలో గంధర్వుల చేతిలో కర్ణుడు ఓడి తప్పుకోవడం, ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఒంటరిగా గెలవడం ఒకరికి కనిపిస్తాయి. ఇంద్రుడు కవచకుండలాలు అడిగి పట్టుకుపోవడం, రథచక్రం కుంగినప్పుడు బాణం పడడం ఇంకొకరికి కనిపిస్తాయి. భారతం వీటన్నిటినీ కలిపే చెప్పింది. అయినా బ్రిన్ అడిగిన ప్రశ్న ఇక్కడా మిగిలే ఉంది. డబ్బు కోసం ఏ పనైనా చేసే భైరవుడు మంచివాడు కావాలంటే పూర్వజన్మలో కర్ణుడే కావాలా? ఎవరికీ ఏమీ కాని మామూలు కాశీవాసి మారడానికి ఆ కథలో చోటుందా? దీన్ని అడిగిన అభిమానులు తక్కువ. అడగవలసిన ప్రశ్న మాత్రం ఇదే.

ఇంకో రకం విమర్శ డబ్బు గురించి. డిస్నీ 2012లో లూకాస్‌ఫిల్మ్‌ను సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నప్పటి నుంచి చిన్న వివరం పెట్టుబడి అయిపోయిందని ఈ విమర్శకులంటారు. తర్వాతి సినిమాకు గాలం వేయడానికే మూలన ఒక గుర్తు పెడతారు, అభిమానులు జీతం లేని ప్రచారకులుగా మారతారు. 'కల్కి' విడుదలకు ముందు ఆరు టన్నుల 'బుజ్జి' వాహనాన్ని ఆవిష్కరించడం, 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్‌ను ముందే వదలడం చూసినవాళ్లకు ఈ వాదన అర్థమవుతుంది. నిజం ఉంది. కానీ ఐస్‌క్రీమ్ డబ్బాను ఏ ప్రచార విభాగమూ పెట్టలేదు. గాలం వేసినచోట తప్ప చేప దొరకదనుకోవడం అభిమానుల చూపును తక్కువ చేయడమే.

పరిశోధనలు చెప్పేది

పాఠాలు నిజంగా అంటుకుంటాయా అన్నది ఊహతో తేలే మాట కాదు. మేరీ-లూయిస్ మేర్స్, ఎమిలీ అకోస్టా 2008లో ప్రచురించిన అధ్యయనంలో అయిదారేళ్ల పిల్లలకు ఒక కార్టూన్ చూపించారు. అందులో మూడు కాళ్ల కుక్క ఒకటి వస్తుంది. మనకన్నా వేరుగా ఉన్నవాళ్లను దూరం పెట్టకూడదన్నది కథలోని నీతి. ఏం నేర్చుకున్నారని అడిగితే చాలామంది పిల్లలు మూడు కాళ్ల కుక్కలతో మంచిగా ఉండాలని చెప్పారు. వివరం దొరికింది, పాఠం దొరకలేదు.

ఇటలీలో లొరిస్ వెత్సాలీ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగం దీనికి రెండో వైపు. అయిదో తరగతి పిల్లలు 34 మంది ఆరు వారాల పాటు 'హ్యారీ పాటర్' నవలల్లోంచి ఎంచిన భాగాలు చదివారు. పక్షపాతం గురించిన భాగాలు చదివి చర్చించిన పిల్లల్లో, ముఖ్యంగా హ్యారీని తమవాడిగా భావించుకున్నవాళ్లలో, వలస వచ్చినవారి పట్ల చూపు మెరుగైంది. ఇది సినిమా కాదు, పిల్లల సంఖ్యా చిన్నదే. అయినా రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండో చోట పిల్లల పక్కన కూర్చుని మాట్లాడిన పెద్దమనిషి ఉన్నారు. హరికథలో కథ ఆపి చెప్పే దాసు పని అది.

భాష లేని చోట కథ

సింగపూర్ తెలుగు కుటుంబాల్లో ఈ చర్చకు అదనపు బరువుంది. సింగపూర్ తెలుగు సమాజం 1975లో మొదలైంది. అయితే అక్కడి బడుల్లో మాతృభాషగా చదివే వీలున్న భారతీయ భాషలు తమిళం కాక అయిదు: బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు ఆ వరసలో లేదు. యూ టీలోనో పక్కనున్న చువా చూ కాంగ్‌లోనో పెరిగే తెలుగు పిల్లలు బడిలో హిందీయో తమిళమో చదువుతారు, ఇంట్లో తెలుగు వింటారు. అశ్వత్థామ, ఉత్తర, శంబల అనే పేర్లు వాళ్లకు పోతన, తిక్కనల కన్నా ముందు సినిమా హాల్లో తగలడం ఆశ్చర్యం కాదు.

దీని మీదా రెండు అభిప్రాయాలున్నాయి. తప్పు భారతం తలకెక్కితే తర్వాత దిగదు, కాబట్టి ముందు పుస్తకం, తర్వాతే సినిమా అన్నది ఒకటి. కుతూహలం పుట్టించేది ఏదైనా మంచిదే, సినిమా చూసిన పిల్ల మణి ఎవరికి దక్కిందని అడిగితే అప్పుడే సౌప్తిక పర్వం తెరవవచ్చన్నది రెండోది. పరిశోధనల మాట వింటే రెండోదానికే మొగ్గు కనిపిస్తుంది, ఒక షరతుతో: అడిగినప్పుడు పక్కన చెప్పేవాళ్లుండాలి. ఆ చెప్పేవాళ్లకు మూలం తెలిసి ఉండాలి. తల్లిదండ్రులకే భారతం సినిమాల ద్వారా మాత్రమే తెలిసిన ఇళ్లలో ఏమిటి దారి? ఈ ప్రశ్న హైదరాబాదుకూ విజయవాడకూ కూడా వర్తిస్తుంది.

తేలనివి

అభిమానుల అర్థాన్ని తీసేవాళ్లు స్వీకరించినప్పుడు అది ఎవరిది అన్నది తేలలేదు. 1997లో లూకాస్ తన పాత చిత్రాలకే మార్పులు చేసి, హాన్ సోలో ముందు కాల్చాడా వెనక కాల్చాడా అన్న తగవుకు తెర తీసినప్పుడు చాలామంది సృష్టికర్తకే ఎదురు తిరిగారు. తీసినవాడికి కూడా మూలాన్ని మార్చే హక్కు లేదన్నారు. భారతాన్ని మార్చే హక్కు నాగ్ అశ్విన్‌కు లేదన్నవాళ్లదీ ఇదే వాదన. అయితే తిక్కన వ్యాసుణ్ని ఉన్నదున్నట్టు దించలేదన్న సంగతి వాళ్లు పట్టించుకోరు. కాలం లెక్క దగ్గరా పీటముడి ఉంది. సంప్రదాయం ప్రకారం కలియుగం 4,32,000 ఏళ్లు. 2898 నాటికి గడిచేవి సుమారు ఆరు వేలే. మరి కల్కి అంత తొందరగా ఎలా పుడతాడు? సినిమా దీనికి జవాబు చెప్పలేదు. రెండో భాగంలో చెబుతుందేమోనని అభిమానులు అరడజను సమాధానాలు సిద్ధం చేసి పెట్టుకున్నారు.

ఇంతలో 2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ ఒక ప్రకటన చేసింది. రెండో భాగంలో దీపికా పదుకోన్ ఉండరని. ఎనభై అనే అంకెలో సుమతిని చూసినవాళ్లు, శంబల దాకా ఆమె వెంట నడిచినవాళ్లు, ఇప్పుడు మొదటి భాగాన్ని మళ్లీ పెట్టుకుని, అగ్నిలోంచి నడిచి వచ్చిన ఆ తల్లి ముఖం ఇంకొకరిదైతే కథలో అందుకు చోటెక్కడుందా అని వెతుకుతున్నారు.